కనబడడం లేదని పిల్లలు చెప్పరు

బడుల్లో జరిగే కంటి పరీక్షల గురించి గత సంచికలో నేను రాసిన నాలుగు మాటలు చదివి తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఉత్తరాలు పంపారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను. పేర్లు ప్రచురించడం లేదు. పిల్లల కళ్లు చూడడమే వృత్తిగా ఇన్నేళ్లు గడిపిన నాకు పదేపదే ఎదురయ్యే సంగతి ఒకటుంది. చూపు తక్కువైన బిడ్డ ఆ మాట తనంత తానుగా చెప్పడు. ఊహ తెలిసినప్పటి నుంచీ లోకం మసకగానే కనబడుతున్నవాడికి, పక్కవాడికి అంతకంటే స్పష్టంగా కనబడుతుందన్న ఆలోచనే రాదు. ఈ జవాబులన్నీ ఆ సంగతిని దృష్టిలో పెట్టుకొని చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బడిలో కంటి పరీక్ష చేసి, ఎడమ కన్ను డాక్టరుకు చూపించమని కాగితం రాసి పంపారు. వాడు వీధి మలుపులో బస్సు కనబడగానే దాని మీది ఊరి పేరు చదివేస్తాడు. టీవీకి దగ్గరగా కూర్చోడు, తలనొప్పి అనడు. అంతమందికి హడావిడిగా చేసే పరీక్షలో పొరపాటు జరిగి ఉంటుందని మావారు అంటున్నారు. చూపించడం అవసరమా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: తప్పకుండా చూపించండమ్మా, ఈ వారంలోనే చూపించండి. బస్సు మీది పేరు చదువుతున్నది మీ బాబు కుడి కన్ను కావచ్చు. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపు, బాగున్న కన్ను రెండోదాని లోటును పూర్తిగా కప్పేస్తుంది కనుక, బిడ్డ నడకలో, ఆటలో, చదువులో ఎక్కడా తేడా కనబడదు. ఒక్కో కన్ను విడిగా మూసి చూస్తేనే అది బయటపడుతుంది. బడిలో చేసింది అదే.

మీవారి అనుమానం తీరాలంటే ఇంట్లోనే చూడవచ్చు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో పెద్ద అంకె కింద తిథి, నక్షత్రం, వర్జ్యం చిన్న అక్షరాల్లో ఉంటాయి కదా. పగటి వెలుతురులో బాబు ఎడమ కన్ను మూసి, ఆ చిన్న అక్షరాలను కుడి కంటితో ఎంత దూరం నుంచి చదవగలడో చూసి, అక్కడే నేల మీద ఒక గీత గీయండి. తరువాత కుడి కన్ను మూసి, అదే గీత మీద నిలబెట్టి, మరో తేదీ కింద ఉన్నవి చదివించండి. కంటిని అరచేత్తో మూసుకోమనకండి, అట్టముక్క అడ్డం పెట్టండి. చేత్తో మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూడని పిల్లవాడిని నేను దాదాపు చూడలేదు. అది దొంగతనం కాదు, కనబడనప్పుడు ఎవరైనా చేసే పనే. బాగున్న కన్ను మూయగానే బిడ్డ విసుక్కున్నా, తల పక్కకు తిప్పి అట్ట అంచు నుంచి చూడబోయినా, మీకు కావలసిన జవాబు వచ్చినట్టే. ఇంట్లో తేడా కనబడకపోయినా సరే, బడిలో రాసిచ్చిన కాగితం పట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్లవలసిందే.

ఇంత తొందర ఎందుకంటే, చూడడం అనేది కంటితో పాటు మెదడు కూడా నేర్చుకునే పని. ఆ నేర్పు ముఖ్యంగా మొదటి ఏడెనిమిదేళ్లలో స్థిరపడుతుంది. ఒక కంటికి పవర్ ఎక్కువగా ఉండి అది పంపే బొమ్మ ఎప్పుడూ మసకగానే ఉంటే, మెదడు క్రమంగా ఆ బొమ్మను పట్టించుకోవడం మానేసి రెండో కంటి మీదే ఆధారపడుతుంది. దీన్నే మందకన్ను అంటాం, ఆసుపత్రుల్లో ‘లేజీ ఐ’ అంటారు. పైకి కన్ను అందంగా, ఆరోగ్యంగానే కనబడుతుంది. కంటికి కంటికి పవర్ తేడా ఉన్నప్పుడూ, మెల్లకన్ను ఉన్నప్పుడూ, పుట్టుకతో శుక్లం ఉన్నప్పుడూ ఈ స్థితి ఏర్పడుతుంది. చికిత్స మొదట సరైన కళ్లజోడు. చాలామంది పిల్లల్లో కళ్లజోడుతోనే చూపు కొంత మెరుగవుతుంది. మిగిలిన లోటుకు, బాగున్న కంటి మీద రోజూ కొన్ని గంటలు పట్టీ అంటించి, బద్ధకించిన కంటితో పని చేయిస్తాం. లోటు మధ్యస్థంగా ఉన్న పిల్లలకు రోజుకు రెండు గంటల పట్టీ, ఆరు గంటల పట్టీతో సమానంగా పని చేస్తుందని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. కాబట్టి బడికి పట్టీతో పంపాలేమో, తోటి పిల్లలు ఏడిపిస్తారేమో అని బెంగ పడనక్కర్లేదు. సాయంత్రం బొమ్మలకు రంగులు వేసే వేళ ఇంట్లో కట్టినా సరిపోవచ్చు. ఎన్ని గంటలన్నది మీ డాక్టరు చెబుతారు. ఎనిమిదేళ్ల వయసు ఆలస్యమైందని నిరాశపడే వయసు కాదు, ఇంకా చూద్దాంలే అని వాయిదా వేసే వయసూ కాదు.

ప్రశ్న: నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. ఆరోగ్య బృందం వచ్చేలోగా పిల్లల చూపు మేమే ఒకసారి చూసి, అనుమానం ఉన్నవారి జాబితా సిద్ధం చేయాలనుకుంటున్నాం. మా చేతుల్లో పొరపాట్లు జరగకుండా ఏం చేయాలి? ఉపాధ్యాయులు చేసే పరీక్షకు విలువ ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: మీ ఉత్తరం నాకు ఎంతో సంతోషం కలిగించింది మాస్టారూ. విలువ ఉంటుందా అన్నారు. మన దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడుల్లో జరిగే కంటి పరీక్షల్లో తొలి మెట్టు ఉపాధ్యాయుడిదే. 1976లో మొదలైన ఆ జాతీయ కార్యక్రమానికి తోడు, 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు తొలి విడతను బడిపిల్లలకే కేటాయించారు. అయితే బృందం బడికి వచ్చేది ఏడాదికి ఒక్కసారి. మీరు పిల్లలను చూసేది రోజూ. బోర్డు మీది లెక్కను పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకునే పిల్లవాడు ఎవరో, చివరి బల్ల నుంచి కళ్లు చికిలించి చూసే అమ్మాయి ఎవరో ఏ పరికరానికన్నా ముందు మీకే తెలుస్తుంది.

పరీక్షలో పొరపాట్లు ఎక్కువగా దూరంలోనూ వెలుతురులోనూ జరుగుతాయి. ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్లు, టేపుతో కొలిచి సుద్దగీత గీయండి. అడుగులు వేసి నడిచి అంచనా కట్టకండి. పిల్లవాడి మడమలు గీత మీద ఉండాలి. తెలియకుండానే వాళ్లు అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంటారు. చార్టు మీద వెలుతురు పడాలి, చార్టు వెనక కిటికీ ఉండకూడదు. అక్షరాలు పూర్తిగా రాని పిల్లలకు నాలుగు దిక్కులకు తిరిగి ఉండే ‘ఈ’ గుర్తుల చార్టు వాడండి, దాని కాళ్లు ఎటు ఉన్నాయో మూడు వేళ్లు చాపి చూపించమనండి. ముందుగా దగ్గర నిలబెట్టి ఆ ఆట నేర్పిన తరువాతే గీత మీదికి పంపండి, లేకపోతే ఆట అర్థం కానివాడిని చూపు లేనివాడిగా రాసుకుంటారు. వరసలో నిలబడ్డవారికి చార్టు కనబడకూడదు. తమ వంతు వచ్చేసరికి ఆ వరసలన్నీ వాళ్లకు కంఠతా వచ్చేస్తాయి, అందులోనూ చూపు తక్కువైనవాడే ఎక్కువ శ్రద్ధగా బట్టీ పడతాడు. ఇప్పటికే కళ్లజోడు ఉన్నవారిని కళ్లజోడుతోనే పరీక్షించండి. ఏ ఒక్క కంటితోనైనా 6/9 వరస చదవలేనివారిని జాబితాలో రాయండి. ఆ అంకెకు అర్థం చూపు బాగున్నవాడు తొమ్మిది మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల దగ్గర నిలబడి చదవడమని.

మీరు చేసే పని రోగం పేరు చెప్పడం కాదు, ఎవరిని పంపాలో తేల్చడం. అనుమానం వస్తే పంపేయండి. చార్టుతో నిమిత్తం లేకుండా వెంటనే పంపవలసినవారు కొందరుంటారు: ఎప్పుడైనా మెల్ల కనబడేవారు, కంటి మీద పువ్వు వేసినవారు, కనుపాపలో తెల్లని మెరుపు ఉన్నవారు. ఆ తెల్లని మెరుపు కొన్నిసార్లు ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో మొదట బయటపడుతుంది. అది శుక్లం కావచ్చు, చిన్నపిల్లల్లో కంటి క్యాన్సర్ కూడా కావచ్చు కనుక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఎంతమంది తేలతారన్న కుతూహలం మీకు ఉండవచ్చు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లలు నాలుగు వేలమందికి పైగా పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కళ్లజోడు లేకుండా మెరుగైన కంటితో కూడా 6/12 దాటి చదవలేనివారు నూటికి 2.7 మంది. అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలో చూస్తే 6.4 మంది. రెండు చోట్లా ప్రధాన కారణం కళ్లజోడుతో సరిచేయగల దృష్టిదోషమే. అంటే మీ జాబితాలోని పిల్లల్లో ఎక్కువమందికి మందులూ ఆపరేషన్లూ అవసరం ఉండదు, ఒక జత అద్దాలు చాలు.

ఇక నా అసలు విన్నపం. జాబితా పంపడంతో మీ పని అయిపోయిందని అనుకోకండి. పుణె ప్రాంతంలో బడిపిల్లలకు కళ్లజోళ్లు ఇచ్చి, ఆరు నెలలు దాటాక వెళ్లి చూస్తే పదిమందిలో ముగ్గురే వాటిని పెట్టుకొని ఉన్నారు. మిగతావి విరిగాయి, పోయాయి, ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి, లేదా ఎవరో ఎగతాళి చేశారని సంచిలోనే ఉండిపోయాయి. హాజరు పిలిచేటప్పుడు కళ్లజోడు ఉన్న పిల్లల పేర్ల దగ్గర ఒక చుక్క పెట్టుకొని, తల ఎత్తి ఒకసారి చూడండి. ‘నాలుగు కళ్లు’ అని ఏడిపించే పిల్లవాడిని మొదటి రోజే ఆపండి. మీకు కళ్లజోడు ఉంటే, మొదటిసారి పెట్టుకున్న రోజు ఎలా ఉందో తరగతిలో చెప్పండి. ఈ మూడూ చేస్తే మీ బడిలో ఆ అంకె తప్పకుండా మారుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. రెండు కళ్లకూ మైనస్ రెండున్నర సైటు. అద్దాలు ఎప్పుడూ పెట్టుకుంటే కళ్లు వాటికే అలవాటు పడి నంబరు పెరుగుతుందనీ, రేపు పెళ్లిచూపుల్లో ఇబ్బంది అవుతుందనీ మా అమ్మ పోరు పెడుతున్నది. బడిలో మాత్రమే పెట్టుకుంటున్నది. కనీసం నంబరు సగానికి తగ్గించి రాయించుకోవచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అమ్మగారి ప్రేమను నేను అర్థం చేసుకోగలను. కానీ ఆవిడ నమ్మకానికి ఆధారం లేదు. మైనస్ సైటులో జరిగేది ఏమిటంటే కనుగుడ్డు ముందు నుంచి వెనక్కు ఉండవలసిన దానికంటే పొడవు పెరుగుతుంది. పుట్టినప్పుడు పదహారు పదిహేడు మిల్లీమీటర్లు ఉండే కన్ను పెద్దయ్యేసరికి ఇరవైమూడు, ఇరవైనాలుగు అవుతుంది. అంతకు మించి ఒక్క మిల్లీమీటరు సాగితే నంబరు దాదాపు రెండున్నర పెరుగుతుంది. మీ అమ్మాయి ఎదిగే వయసులో ఉంది కనుక కన్ను కూడా ఎదుగుతోంది, నంబరు అందుకే మారుతోంది. పాదం పెరిగితే చెప్పు సైజు మారుతుంది. పాదాన్ని పెంచింది చెప్పు కాదు.

సగం నంబరు రాయించుకోవడం మాత్రం వద్దు. పిల్లలకు ఉన్నదానికంటే తక్కువ నంబరు ఇస్తే సైటు పెరగడం నెమ్మదిస్తుందేమోనని మలేషియాలో పరీక్షించి చూశారు. 2002లో వచ్చిన ఫలితం దానికి విరుద్ధం: తక్కువ నంబరు పెట్టుకున్న పిల్లల సైటే వేగంగా పెరిగింది. మైనస్ రెండున్నర ఉన్న అమ్మాయికి అద్దాలు లేకుండా నలభై సెంటీమీటర్ల వరకే, అంటే మూరెడు దూరం వరకే స్పష్టంగా కనబడుతుంది. రోడ్డు దాటేటప్పుడు, సైకిలు తొక్కేటప్పుడు, ఎదురుగా వచ్చే మనిషి ముఖం చూసేటప్పుడు ఆ అమ్మాయి మసకలోనే బతుకుతోంది. పలకరించలేదని బంధువులు నిష్ఠూరమాడే పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు, వాళ్లకు ఆ ముఖాలే కనబడి ఉండవు.

పెళ్లి మాటకు వస్తాను. అబ్బాయికి అద్దాలు రాస్తే ఎక్కడ కొనాలని అడిగే తండ్రులే, అమ్మాయికి రాస్తే వేరే మార్గం లేదా అని అడుగుతారు. ఈ తేడా నన్ను ఇన్నేళ్లుగా బాధపెడుతూనే ఉంది. ఆమెకు ఇరవై దాటి నంబరు నిలకడకు వచ్చాక, కంటి పొరలు తగినట్టుగా ఉంటే లేజర్ చికిత్స చేయించుకోవచ్చు, కాంటాక్టు లెన్సులు ఉన్నాయి, ఏమీ లేకుండా అద్దాలతోనే హాయిగా ఉండవచ్చు. ఆ నిర్ణయం అప్పుడు ఆమె చేసుకుంటుంది. ఇవాళ ఏడో తరగతి పాఠాన్ని మాత్రం ఆమె స్పష్టంగా చూడాలి.

ప్రశ్న: క్యారెట్లు, పొన్నగంటి కూర రోజూ పెడితే పిల్లల సైటు తగ్గి అద్దాలు తీసేయవచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: పెట్టండి, కానీ అద్దాలు తీయకండి. ఆకుకూరలు, మునగాకు, బొప్పాయి, గుడ్డు, పాలు పిల్లల కంటికి కావలసిన విటమిన్ ఎ ఇస్తాయి. అది లోపిస్తే రేచీకటి వస్తుంది, కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు వస్తాయి, ముదిరితే నల్లగుడ్డే కరిగి చూపు పోతుంది. అందుకే తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి ఆ విటమిన్ ద్రావణం పోస్తున్నారు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ మోతాదులు తప్పించకండి. సైటు సంగతి వేరు. అది కనుగుడ్డు ఆకారానికి సంబంధించినది, తిండితో ఆకారం మారదు. కంట్లో తేనె, ఉల్లిరసం, చనుబాలు వేయడం మాత్రం పూర్తిగా మానండి. వాటితో చీము పట్టిన కళ్లు నేను చూశాను.

ప్రశ్న: మా పదేళ్ల బాబును కళ్లద్దాల షాపులో కంప్యూటరుతో చూసి పది నిమిషాల్లో మైనస్ ఒకటి అన్నారు. ఆసుపత్రికి వెళితే కంట్లో చుక్కలు వేసి, రెండు గంటలు కూర్చోబెట్టి, మళ్లీ కొన్ని రోజుల తరువాత రమ్మన్నారు. చుక్కలు లేకుండా తేలిపోయే పనికి ఇంత ప్రయాస ఎందుకు?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఆసుపత్రివాళ్లు చేసిందే సరైన పని. కంటి లోపలి కటకాన్ని బిగించి వదిలే కండరం పిల్లల్లో చాలా బలంగా ఉంటుంది. కంప్యూటరు యంత్రంలోకి చూడమంటే పిల్లవాడు ఆ బొమ్మ దగ్గరగా ఉన్నట్టు భావించి కండరం బిగిస్తాడు, లేని మైనస్ యంత్రంలో కనబడుతుంది. ప్లస్ పవర్ ఉన్న పిల్లవాడైతే అదే బిగింపుతో తన లోటును దాచేస్తాడు. చుక్కలు ఆ కండరానికి కొన్ని గంటలు విశ్రాంతి ఇస్తాయి, అప్పుడు తేలేదే అసలు పవర్. దానితోపాటు కనుపాప పెద్దదవుతుంది కనుక లోపలి నరాన్నీ, కంటి వెనక తెర అయిన రెటీనానూ కూడా డాక్టరు చూడగలుగుతారు. షాపులో ఆ పరీక్ష జరగదు. చుక్కల ప్రభావం పోయాక మరోసారి అద్దాలు పెట్టి చూసి నంబరు ఖాయం చేయడానికే మళ్లీ రమ్మంటారు.

చుక్కలు వేశాక దగ్గరి అక్షరాలు కనబడవు, ఎండలో కళ్లు చెదురుతాయి. వాడిన మందును బట్టి అది ఒక రోజులో తగ్గవచ్చు, రెండు మూడు రోజులు ఉండవచ్చు. చిన్నపిల్లలకు ఇంట్లో మూడు రోజులు పెట్టమని ఇచ్చే అట్రోపిన్ ఆయింట్‌మెంట్ అయితే పది రోజుల నుంచి రెండు వారాల వరకు ఉంటుంది. కాబట్టి పరీక్షల ముందు కాకుండా సెలవుల్లో వెళ్లండి. ఆ ఆయింట్‌మెంట్ పెట్టాక ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టండి, మిగిలింది తుడిచేయండి. బిడ్డ ముఖం ఎర్రబడి జ్వరం వస్తే ఆపి డాక్టరుకు చెప్పండి. ట్యూబును పిల్లలకు అందనివ్వకండి, నోట్లోకి వెళితే అది విషమే.

ప్రశ్న: మా వాడు ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ ఉన్న రెసిడెన్షియల్ బడిలో ఉన్నాడు. చేరినప్పుడు సైటు లేదు. మొదటి ఏడాది మైనస్ ఒకటి, రెండో ఏడాది మైనస్ రెండు. అక్కడ ఫోను కూడా ఇవ్వరు. మరి ఎందుకు పెరుగుతున్నది? ఆపే మార్గం ఉందా?
– తల్లిదండ్రులు, హైదరాబాదు

జవాబు: ఫోను లేకపోవడం మంచిదే, కానీ ఆ ఒక్కటీ చాలదు. తెల్లవారకముందే లేచి స్టడీ అవర్, ఆ తరువాత తరగతులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఆ బిడ్డ రోజంతా చూసేది చేతికి అందే దూరమే, పైగా అంతా గదుల్లోనే. పగటి వెలుతురు తగలకపోవడం కూడా సైటుకు కారణమని ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నాయి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. గదిలో అది మూడు వందల నుంచి అయిదు వందల లక్స్ ఉంటే, ఆరుబయట పట్టపగలు పదివేలు దాటుతుంది. ఆ కాంతికి కన్ను అతిగా సాగకుండా నిగ్రహించుకుంటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను రోజుకు నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి మూడేళ్లు గమనించారు. మామూలు బడుల్లో నూటికి 39.5 మందికి సైటు వస్తే, ఆ బడుల్లో 30.4 మందికి వచ్చింది. ఆ ఫలితం 2015లో ప్రచురితమైంది. తైవాన్ అంతకు ముందే, 2010లో, పిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండాలని దేశమంతటా బడులకు చెప్పింది. ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు లోపాల లెక్క అక్కడ తగ్గుముఖం పట్టింది.

మన దగ్గర ఆటస్థలం లేని అపార్టుమెంటు భవనాల్లో బడులు నడుస్తున్నాయి. ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చడాన్ని కష్టపడి చదివించడం అని తల్లిదండ్రులే మెచ్చుకుంటున్నారు. నేను దీన్ని పిల్లల కళ్లకు జరుగుతున్న అన్యాయం అనే అంటాను. మీరు ఒక్కరే అడిగితే యాజమాన్యం వినకపోవచ్చు, ఇరవైమంది తల్లిదండ్రులు కలిసి, సాయంత్రం వెలుతురు ఉండగానే గంటసేపు పిల్లలను బయటకు వదలమని రాసి ఇవ్వండి. మధ్యాహ్న భోజనం చెట్టు నీడన పెట్టించమనండి, నీడలో ఉండే వెలుతురు కూడా గదికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పడుకొని చదవకూడదు, పుస్తకం కంటికి మోచేయంత దూరంలో ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి కిటికీలోంచి దూరంగా చూడాలి.

ఏడాదికి ఒక పాయింటు పెరగడం వేగమే. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్క రాత్రి పడుకునే ముందు వేయడం, సైటు పెరుగుదలను నెమ్మదింపజేసేలా తయారైన ప్రత్యేకమైన అద్దాలు వాడడం వంటి మార్గాలు ఇప్పుడు ఉన్నాయి. పిల్లల కంటి నిపుణులను కలిసి మాట్లాడండి. వచ్చిన సైటును ఇవి తీసేయవు, పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. ఆరు దాటిన మైనస్ ఉన్నవారికి ముందు ముందు రెటీనా ఊడిపోవడం వంటి ప్రమాదాలు ఎక్కువ కనుక, ఆ వేగం తగ్గడమే పెద్ద లాభం.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం వస్తే కళ్లు ఎర్రబడి విపరీతమైన దురద, తీగలా సాగే పుసి. రెండేళ్ల కిందట డాక్టరు రాసిన చుక్కలు వేస్తే ఒక్క రోజులో తగ్గిపోయింది. అప్పటి నుంచి మెడికల్ షాపులో అవే తెచ్చి వేస్తున్నాం. ఇప్పుడు బోర్డు సరిగా కనబడడం లేదంటున్నాడు.
– ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: అమ్మా, ఆ సీసా పట్టుకొని రేపే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మీరు చెప్పిన లక్షణాలు వేడి, పొడి ప్రాంతాల్లో మగపిల్లలకు ఎక్కువగా వచ్చే అలర్జీవి. ఒక్క రోజులో తగ్గించే చుక్కల్లో సాధారణంగా స్టీరాయిడ్ ఉంటుంది. డాక్టరు దాన్ని కొద్ది రోజులకే రాస్తారు. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, చూపు నరం నొప్పి తెలియకుండా దెబ్బతింటుంది, శుక్లం కూడా రావచ్చు. శుక్లాన్ని ఆపరేషన్‌తో తీయవచ్చు, నరం దెబ్బతిని పోయిన చూపును ఎవరూ తిరిగి తేలేరు. మరో అనుమానం కూడా ఉంది: కళ్లు గట్టిగా నులుముకునే పిల్లల్లో నల్లగుడ్డు మీది కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు రావచ్చు, అప్పుడు కూడా చూపు మసకబారుతుంది. కంటి ఒత్తిడి, నరం, కార్నియా ఆకారం, మూడూ చూడమని మీరే అడగండి.

ఈ అలర్జీ ఎక్కువమంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుంది. అప్పటిదాకా చల్లని నీటిలో ముంచిన గుడ్డ మూసిన కళ్ల మీద వేయడం, ఎండలో టోపీ, స్టీరాయిడ్ లేని అలర్జీ చుక్కలు చాలామందికి సరిపోతాయి. తీవ్రంగా ఉన్నవారికి ఎక్కువ కాలం వాడదగిన వేరే మందులు కూడా ఉన్నాయి. మీరు కావాలని చేసిన తప్పు కాదు ఇది. పాత చీటీ చూపించగానే మందు ఇచ్చే అలవాటు మన ఊళ్లన్నింటిలోనూ ఉంది. కంటి చుక్కలు కూడా మందులేనని, వాటికీ గడువూ మోతాదూ ఉంటాయని దయచేసి మీ చుట్టుపక్కల తల్లులకు చెప్పండి.

ప్రశ్న: నేను గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పోయినేడు క్యాంపులో కళ్లజోడు ఇచ్చారు. వాలీబాల్ ఆడేటప్పుడు విరిగిపోయింది. ఇంట్లో తిడతారని చెప్పలేదు. సార్ బోర్డు మీద రాసేది కనబడడం లేదు. స్నేహితుడి నోట్సు చూసి రాసుకుంటున్నాను. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఈ ఉత్తరం రాసి నువ్వు మంచి పని చేశావు. కళ్లజోళ్లు విరుగుతాయి. అందులో తప్పేమీ లేదు, ఎవరూ తిట్టవలసినదీ లేదు. నీ వయసులో ఏడాది దాటితే నంబరు ఎలాగూ మారుతుంది కనుక, అది విరగకపోయినా ఇప్పుడు మళ్లీ పరీక్ష చేయించుకోవలసిందే.

ఇవాళే మీ క్లాస్ టీచరుకో, హాస్టల్ నర్సుకో చెప్పు. నోటితో చెప్పడం కష్టమైతే ఈ పేజీ చూపించు. వాళ్లు ఆరోగ్య బృందానికి కబురు చేయవచ్చు, లేదా నిన్ను దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి తీసుకెళ్లవచ్చు. జాతీయ కార్యక్రమం కింద బడిపిల్లలకు కళ్లజోడు ఉచితంగా ఇస్తారు. కొత్తది వచ్చేలోగా మొదటి బల్లలో కూర్చుంటానని సార్‌ను అడుగు, ఎందుకో కూడా చెప్పు. ఫ్రేము ప్లాస్టిక్‌ది అడుగు, చెవుల వెనక నుంచి తాడు కట్టించుకో. ఆడేటప్పుడు తీసి డబ్బాలో పెట్టు, జేబులో వద్దు. విరిగిన కళ్లజోడు ముక్కలు ఉంటే పారేయకు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు. ఆ అద్దం చూసి పాత నంబరు చెప్పగలుగుతారు, ఏడాదిలో నీ సైటు ఎంత మారిందో దానితో తెలుస్తుంది.